గొడుగుపిల్లకు ఏ రంగు?

ఫిల్మ్‌నగర్ గుట్ట మీది గుడికి వెనకవైపు దిగితే, బంగళాల ప్రహరీలు అయిపోయిన చోట ఇరుకు సందుల బస్తీ మొదలవుతుంది. అక్కడ రెండు గదుల ఇంట్లో సత్యలక్ష్మి కాపురం. సొంత ఊరు రేపల్లె దగ్గర. భర్త చలపతిరావు సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పనిచేస్తాడు. అట్టలతో, థర్మోకోల్‌తో కోటలూ కోర్టు హాళ్లూ నిలబెట్టే మనిషి. షూటింగ్ అయిపోయి సెట్టు పగలగొడుతుంటే, పనికొచ్చే అట్టముక్కలు ఏరి ఇంటికి తెచ్చేవాడు. వాటితోనే సత్యలక్ష్మి చేతికి పని అలవాటైంది.

కూతురు శ్రీనిధి చిన్నప్పుడు, పుట్టినరోజుకు వచ్చిన పిల్లలకు చాక్లెట్లు పెట్టి ఇవ్వడానికి చిన్న చిన్న పెట్టెలు చేసింది. పక్కింటి బాలమణి వాటిని చూసి ముచ్చటపడి, తాను బట్టలు ఇస్త్రీ చేసి ఇచ్చే జూబ్లీహిల్స్ ఇళ్లలో చూపించింది. అక్కడి నుంచి మొదలు. సీమంతాలకు, ఓణీల ఫంక్షన్లకు, బారసాలలకు కుంకుమభరిణెలో వెండి నాణేలో పెట్టి ఇచ్చే పెట్టెలు చాలావరకు సత్యలక్ష్మి చేతివే.

ఆ పని చూడ్డానికి తేలిక. మడత పడాల్సిన చోట సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి, గట్టిగా గీత లాగాలి. గీయకుండా మడిస్తే అట్ట పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది. మూతకు కోసే ముక్క అడుగుముక్క కన్నా నూలువాసి పెద్దదిగా ఉండాలి. మరీ పెద్దదైతే మూత జారిపోతుంది. చాలకపోతే తీసేటప్పుడు పెట్టె నలిగిపోతుంది. మూలలు కత్తిరించి, లోపలికి మడిచి, జిగురు ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టి ఉంచాలి.

ఆమె పెట్టెలకు పేరు తెచ్చింది మాత్రం మూత మీది బొమ్మ. అబిడ్స్‌లో రబ్బరు ముద్రలు చేసే ఒక ముసలాయన చేత చేయించుకుంది. గొడుగు వేసుకుని, జడ వెనక్కి వేలాడుతుండగా, పక్కకు తిరిగి నడిచిపోతున్న పిల్ల. బొటనవేలంత బొమ్మ. తడి తగిలినా చెదరని నల్ల సిరాలో ముద్ర అద్ది, బాగా ఆరనిచ్చి, అప్పుడు రంగు పెన్సిళ్లు తీసేది. గీత అంచున ముదురుగా రుద్ది, సన్న కుంచెను తడిపి ఆ రంగును లోపలికి లాగేది. వెలుగు పడే బుగ్గ దగ్గరా మోచేతి దగ్గరా కాగితం తెలుపు అలాగే వదిలేసేది. గొడుగు కింద కొంచెం నీలం కలిపి నీడ పెట్టేది. అంతే, ఆ పిల్ల నిజంగా ఎండలో నడుస్తున్నట్టు ఉండేది. జనం దానికి గొడుగుపిల్ల అని పేరు పెట్టేశారు.

శ్రీనిధి డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నప్పుడు ఆ పిల్లకు ఉద్యోగం ఇప్పించింది సత్యనారాయణమూర్తి. ఫిల్మ్‌నగర్‌లోనే ఒక డబ్బింగ్ స్టూడియోకు మేనేజరు. యాభై దాటిన మనిషి, తీరైన మాట, నుదుట విభూతి. చలపతిరావుకు పాత పరిచయం. ఆయన మనవరాలి బారసాలకు పెట్టెలు చేసింది కూడా సత్యలక్ష్మే. "అమ్మాయిని నా దగ్గర పెట్టండి చలపతీ. నా కళ్లముందు ఉంటుంది, మీకు దిగులుండదు" అన్నాడాయన. డబ్బింగ్ చెప్పడానికి వచ్చే ఆర్టిస్టులకు టైములు కుదర్చడం శ్రీనిధి పని. చేరిన రోజు సత్యలక్ష్మి గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఎండాకాలం దాటాక ఒక కొత్త నంబరు నుంచి ఆమెకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది.

"నమస్తే ఆంటీ. నా పేరు నాని. మీ గొడుగుపిల్ల పెట్టె ఒకటి కావాలి. పిల్లకు ఆకుపచ్చ డ్రెస్, తెల్ల చున్నీ వేయండి."

ఒక్కటే పెట్టె ఎవరూ అడగరు. అయినా పనిలేని రోజు కావడంతో చేసి ఇచ్చింది. బైకు మీద డెలివరీ కుర్రాడు వచ్చి తీసుకెళ్లాడు. వారం తిరక్కుండానే మళ్లీ మెసేజ్. ఈసారి గులాబీ రంగు. ఆ తర్వాత నీలం మీద తెల్ల చుక్కలు.

"ఎవరికి బాబూ ఇన్ని?" అని అడిగింది ఒకసారి.

"నేను చేసుకోబోయే అమ్మాయికి ఆంటీ. తనకింకా తెలీదు. అన్నీ ఒకేసారి ఇస్తాను."

సత్యలక్ష్మి మురిసిపోయింది. చేతనైనంత శ్రద్ధగా వేసింది ఆ పెట్టెలన్నీ. అన్నం తింటూ కూతురితో అంది కూడా, "పిచ్చి పిల్లాడే పాపం. ఆ పిల్ల అదృష్టవంతురాలు."

"ఏమో అమ్మా, నాకైతే చిరాకేస్తుంది. ఇష్టముంటే మొహం మీద చెప్పొచ్చుగా" అంది శ్రీనిధి, మజ్జిగ పోసుకుంటూ.

రానురాను అడగడం మరీ వివరంగా సాగింది. జడలో మల్లెపూలు పెట్టమనేవాడు. చున్నీ ఎడమ భుజం మీదకు రావాలనేవాడు. ఒకసారి మణికట్టుకు సన్నని నల్లదారం గీయమన్నాడు. బొటనవేలంత బొమ్మకు మణికట్టు ఎంతుంటుంది? సూదిమొనంత. నవ్వుకుంటూనే గీసింది.

ఒక ఉదయం ఆవపిండి రంగు డ్రెస్, మెరూన్ అంచు కావాలని మెసేజ్ వచ్చింది. పసుపులో గోధుమరంగు కలిపింది, కుదరలేదు. కాస్త నారింజ కలిపింది, మరీ ఎర్రబడింది. కళ్లు లాగుతుంటే తల పైకెత్తింది. ఎదురుగా వరండాలో తీగ మీద కూతురి బట్టలు ఆరుతున్నాయి. ఆవపిండి రంగు కుర్తా, మెరూన్ అంచు. నిన్న శ్రీనిధి వేసుకెళ్లింది.

"ఇదేగా నాకు కావలసిన రంగు" అనుకుని లేచి, అట్టముక్కను కుర్తా పక్కన పెట్టి చూసుకుంది. కూర్చుని మళ్లీ కుంచె పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

పోయిన శుక్రవారం శ్రీనిధి గుడి నుంచి వస్తూ మణికట్టుకు నల్లదారం కట్టించుకుంది. మల్లెపూలు పెట్టుకెళ్లింది స్నేహితురాలి నిశ్చితార్థం రోజున. నీలం మీద తెల్లచుక్కల డ్రెస్‌ను తనే ఉతికింది, తనే ఇస్త్రీకి ఇచ్చింది. ఆకుపచ్చా అంతే. గులాబీ కూడా అంతే. ఇంట్లో ఉతికే బట్టల వరసలోనే ఆ మెసేజ్‌లు వచ్చాయి.

లేచి వెళ్లి తలుపు గడియ వేసింది. పట్టపగలు తలుపెందుకు వేసిందో ఆమెకే తెలియదు.

చలపతిరావుతో చెప్పాలంటే భయం. ఆయన కోపం అగ్గిపుల్ల లాంటిది. మర్నాటి నుంచి పిల్లను ఉద్యోగం మానిపిస్తాడు. కూతురితో చెప్పాలన్నా భయమే. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి లోపల మెదిలింది. ఈ పిల్లే ఎవరినైనా ఇష్టపడి, ఇద్దరూ కలిసి ఆడుతున్న ఆటైతే? సాయంత్రం జడ అల్లుతూ కదిపి చూసింది.

"నిధీ, నీకెవరైనా నచ్చారా? ఉంటే చెప్పవే. నేనేం అనను."

శ్రీనిధి విసురుగా వెనక్కి తిరిగింది. "ఏంటమ్మా నువ్వు? పొద్దుణ్ణించి అదోలా ఉన్నావ్. ఎవరూ లేరు."

ఆ మొహంలో అబద్ధం లేదు. అప్పుడు ఇంకా భయమేసింది.

తన అనుమానం ఉత్తదే కావాలని దేవుడికి మొక్కుకుని, ఒక పని చేసింది. స్టూడియోలో కొత్త సినిమా డబ్బింగ్‌కు పూజ ఉన్న రోజున, ట్రంకుపెట్టె అడుగున ఉన్న తన పాత చీర తీసి కూతురికి కట్టింది. వంకాయ రంగు చీరకు చిలకపచ్చ అంచు. అలాంటిది ఇప్పుడు కొట్లలో దొరకదు. శ్రీనిధి ఎన్నడూ కట్టింది కాదు. కూతురు వెళ్లాక ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. పప్పు కడిగింది, పొయ్యి మీద పెట్టింది. ఏ చప్పుడూ లేదు. కొంచెం ఊపిరి తీసుకునేలోపు ఫోన్ మోగింది.

"ఆంటీ, ఈసారి చీర. వంకాయ రంగు. చిలకపచ్చ అంచు. జుట్టు విరబోసుకుని ఉండాలి."

పొయ్యి కట్టేసి, చెప్పులేసుకుని, చేతికందిన టిఫిన్ డబ్బాలో ఏదో కుక్కి పరుగెత్తింది. ఆటో దొరకలేదు. గుట్ట దారి వెంట నడుస్తుంటే ఎదురొచ్చే ప్రతి మగవాడి చేతిలో ఫోన్ ఉన్నట్టే కనిపించింది. అంతలో ఇంకో సంగతి తట్టింది. పొద్దున ఇంట్లోంచి వెళ్లేటప్పుడు శ్రీనిధి జడ వేసుకునే వెళ్లింది. విరబోసుకోలేదు.

స్టూడియోలో అగరొత్తుల వాసన, ప్రసాదం పంచుతున్న సందడి. శ్రీనిధి అద్దాల గది పక్కన నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. జుట్టు విరబోసుకుని ఉంది.

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"డబ్బా మర్చిపోయావ్. జడ ఏమైందే?"

"రబ్బరు బ్యాండు తెగిపోయింది. క్లిప్పేమో కనపడలేదు. పోయిన వారమూ ఒకటి పోయింది."

సత్యలక్ష్మి అందరి మొహాలూ చూసింది. సౌండు చూసే కుర్రాడు నిఖిల్ తల వంచుకుని ఫోన్‌లో ఏదో నొక్కుతున్నాడు. టీ పోసేవాడు, కారు డ్రైవర్లు, డబ్బింగ్ ఆర్టిస్టులు. అందరూ మామూలుగానే ఉన్నారు. మూర్తిగారు ఎదురొచ్చి కుర్చీ లాగి వేశాడు.

"రండమ్మా రండి, మంచి రోజున వచ్చారు. ఉండండి, ప్రసాదం పంపిస్తాను" అని లోపలికి వెళ్లాడు.

కుర్చీలో కూర్చుందో లేదో చేతిలో ఫోన్ అదిరింది.

"మీరు ఇంట్లో లేనట్టున్నారు ఆంటీ. తొందరేం లేదు. రేపు ఇచ్చినా చాలు."

నిఖిల్ చేతిలో ఫోన్ ఇంకా అలాగే ఉంది. వాడి వైపు చూస్తూ కూర్చుంది, కళ్లు తిప్పుకోలేక. వాడు తలెత్తి ఆమెను చూసి చిన్నగా నవ్వాడు. ప్రసాదం వస్తే చేతిలో పట్టుకుందే కానీ నోట్లో పెట్టుకోలేదు.

ఆ సాయంత్రం కూతురికి అంతా చెప్పింది. శ్రీనిధి మెసేజ్‌లన్నీ పైకీ కిందకీ చూసింది. వెళ్లి అలమారా తెరిచి, తన బట్టల వైపు చూస్తూ నిలబడిపోయింది. అవన్నీ ఎవరో ముట్టుకున్నవన్నట్టు.

"నీ చేత వేయించాడమ్మా. నీ చేతే" అని ఒక్కసారిగా ఏడ్చింది.

ఏడుపు ఆగాక తనే అంది, "రేపు పొద్దున్నే మూర్తి అంకుల్‌కి చెబుదాం. ఆయన అయితే ఎవడో ఇట్టే పట్టుకుంటారు."

సత్యలక్ష్మికీ అదే సబబనిపించింది. మర్నాడు ఇద్దరూ వెళ్లి చెప్పారు. మూర్తిగారు మొత్తం విన్నాడు. మొహం గంభీరంగా పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎంత పని జరిగిందమ్మా! పోలీసులూ గీలీసులూ అనకండి. ముందు బయటపడేది ఆడపిల్ల పేరే. నాకు వదిలేయండి. చలపతికి కూడా చెప్పకండి, అసలే ఆవేశం మనిషి" అన్నాడు. శ్రీనిధి తల మీద చెయ్యి వేసి, "నేనున్నానుగా తల్లీ" అన్నాడు.

నాలుగైదు రోజులు మెసేజ్ రాలేదు. సత్యలక్ష్మి కొంచెం నిద్రపోగలిగింది. బారసాల పెట్టెలు కొన్ని ఉంటే మడతలు గీస్తూ కూర్చుంది. అప్పుడు వచ్చింది.

"ఆంటీ, గొడుగు లేకుండా వేయగలరా? ఇంక తను దాక్కోనక్కర్లేదు. మొహం కనపడాలి నాకు."

ఆమె చేతిలో పెన్ను జారి కిందపడింది. సరిగ్గా అప్పుడే ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి బాలమణి వచ్చింది.

"ఏందక్కా, మొఖం గట్ల పాలిపోయింది? పానం బాగలేదా?"

ఇక దాచలేక చెప్పేసింది. బాలమణి బట్టల మూట దించి, గడప మీదనే కూర్చుని విన్నది.

"గీ ముచ్చట ఇంకెవ్వరికి చెప్పినవ్?"

"మూర్తిగారికి. ఆయనకొక్కరికే."

"చెప్పినంక ఆగిందా? మళ్ల ఇప్పుడు దాక్కోనక్కర్లేదని వచ్చిందా?"

"ఊ."

బాలమణి సత్యలక్ష్మి మొహంలోకి చూసింది. ఆ చూపుకే ఆమెకు విషయం అర్థమైంది.

"ఛ, ఛ. ఆయనకు మనవరాలుందే బాలమణీ. నోటికి రాకూడని మాట."

"నేనేమన్న అన్ననా? నువ్వే అంటున్నవ్. జర లే అక్కా. బావకు చెప్పు, ముగ్గురు కలిసి షీ టీమ్ పోలీసుల కాడికి పోండ్రి. గిట్ల తలుపులేసుకుని కూసుంటే ఆడు రేపు తలుపు కొడ్తడు."

చలపతిరావు కేకలేస్తాడనుకుంది. ఆయన కేకలేయలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "నేనే కదా తీసుకెళ్లి చేర్పించింది" అన్నాడు.

పోలీసు స్టేషన్ మెట్లెక్కేటప్పుడు శ్రీనిధి ఆగిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుని ఎక్కించింది. అక్కడ హిమజ అనే ఎస్సై కుర్చీలు వేయించి, మంచినీళ్లిచ్చి, ఓపిగ్గా విన్నది. నంబరు ఆరా తీస్తే అది ఎవరో చనిపోయిన ముసలాయన పేరు మీద ఉంది. డెలివరీ కుర్రాళ్లు ఒక్కోసారి ఒక్కోచోట పెట్టెలు ఇచ్చేవాళ్లు. ఒకసారి కృష్ణానగర్‌లో, ఒకసారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర.

"మీ అనుమానం నాకు సరిపోదమ్మా. పెట్టె వాడి చేతిలో ఉన్నప్పుడే పట్టుకోవాలి. ఏమనకుండా ఆర్డర్లు తీసుకుంటూ ఉండండి. మీ వెనక మేముంటం" అంది హిమజ.

వెనక ఎవరున్నా ముందున్నది తనే కదా. ఆ రోజుల్లో మెసేజ్‌కు జవాబివ్వాలంటే సత్యలక్ష్మికి వేళ్లు కొయ్యబారేవి. శ్రీనిధి జ్వరమని సెలవు పెట్టి ఇంట్లో ఉంది. మూర్తిగారు రోజూ ఫోన్ చేసి, "పిల్లకెలా ఉందమ్మా?" అని అడిగేవాడు. ఆ గొంతు వింటూ మామూలుగా మాట్లాడటం, ఇంకో పక్క నాని మెసేజ్‌కు జవాబివ్వడం. ఇద్దరూ ఒకడేనేమో. కాదేమో. కాకపోతే ఒక పెద్దమనిషి మీద ఎంత పాపపు అనుమానం!

ఆఖరికి అవతలి నుంచే అవకాశం వచ్చింది. "ఆంటీ, చిన్న పెట్టెలన్నీ పట్టేలా ఒక పెద్ద పెట్టె కావాలి. లోపల గదులుండాలి. తనకు ఇచ్చే రోజు దగ్గరపడింది."

హిమజ చెప్పినట్టు సత్యలక్ష్మి రాసింది: "చేత్తో చేసేవి కదా బాబూ, కొలత అటూ ఇటూ ఉంటుంది. ఒక చిన్న పెట్టె పంపితే, గదులు దానికి సరిపోయేట్టు చేస్తాను."

అది అబద్ధం. అన్ని పెట్టెలకూ ఒకటే అట్ట అచ్చు, కొలత మారదు. అతను నమ్మాడో లేదో తెలియక ఆ మధ్యాహ్నమంతా ఎండలో కూర్చున్నా చలేసింది. సాయంత్రానికి బైకు వచ్చింది.

ఆవపిండి రంగు గొడుగుపిల్ల. తను వేసిందే. ఇంట్లో అందరూ చుట్టూ చేరి చూస్తుండగా మూత తీసింది. ఖాళీగా ఉంది. తిప్పి చూస్తే మూత లోపలివైపు ఏదో అంటుకుని ఉంది. మెరూన్ రంగు బొట్టుబిళ్ల.

శ్రీనిధి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాదమ్మా. మొహం కడుక్కునేటప్పుడు బాత్‌రూమ్ అద్దానికి అంటిస్తాను. ఒక్కోసారి మర్చిపోతాను."

ఆడవాళ్ల బాత్‌రూమ్. చలపతిరావు లేచి బయటికి వెళ్లిపోయాడు.

పెద్ద పెట్టె చేయడానికి సత్యలక్ష్మి చేతులు సహకరించలేదు. గీతలు వంకర్లు పోయాయి. రెండు అట్టలు పాడయ్యాయి. భర్త పక్కన కూర్చుని అట్ట పట్టుకుంటే ఆమె మడిచింది. పెట్టె తీసుకెళ్లిన బైకు వెంట మామూలు బట్టల్లో పోలీసులు వెళ్లారు. ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎక్కే రోడ్డులో, ఒక పూలకొట్టు పక్కన ఆగి ఉన్న కారులోంచి చెయ్యి చాచి పెట్టె అందుకున్నది సత్యనారాయణమూర్తి. నుదుట విభూతి, ఒళ్లో పెట్టె. ఏం చేశానని అడిగాడట, ఎంతో మర్యాదగా.

స్టూడియోలో ఆయన గది సొరుగులో మిగతా పెట్టెలు దొరికాయి. అవి తనవేనని చెప్పడానికి సత్యలక్ష్మిని స్టేషన్‌కు పిలిచారు. బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో వస్తువు. జుట్టు క్లిప్పు, తెగిన రబ్బరు బ్యాండు, సగం అరిగిన పెన్సిలు, టీ తాగి పారేసిన కాగితం గ్లాసు. మూతల మీద ఆకుపచ్చలో, గులాబీలో, నీలంలో, వంకాయ రంగులో ఒకే పిల్ల ఒకే వైపు నడిచి వెళుతోంది. వెలుగు పడే చోట తెలుపు వదలడం, నీడలో నీలం కలపడం, ఎక్కడా శ్రద్ధ తగ్గలేదు. అంత ముద్దుగా వేసిన చేతులు తనవే. "నావే" అని చెప్పి, గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

ఎందుకలా చేశాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. తల్లి చేతే ఎందుకు వేయించాడని హిమజ అడిగితే, "ఆవిడ బాగా వేస్తుంది" అన్నాడట.

తర్వాతి రోజులు అంత తేలిగ్గా గడవలేదు. ఆయన భార్య శారదాదేవి ఒకరోజు ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోకుండా నేల మీద కూర్చుంది.

"కేసు వెనక్కి తీసుకోండి సత్యలక్ష్మి గారూ. ఏ రోజూ మీ అమ్మాయిని ముట్టుకోలేదుగా ఆయన. మా పరువు పోయింది. ఇంకేం కావాలి మీకు?"

సత్యలక్ష్మికి ఆమెను చూస్తే జాలేసింది. అంతకన్నా ఎక్కువ భయం వేసింది, ఎక్కడ సరే అనేస్తానో అని. "నా కూతురు బాత్‌రూమ్‌లోకి వెళ్లాలన్నా తలుపు రెండుసార్లు చూసుకుంటోందండీ. నేను తీసుకోను" అంది. శారదాదేవి లేచి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

చలపతిరావును కొన్నాళ్లు సెట్టు పనులకు పిలవలేదు. పెద్దమనిషిని బజారుకీడ్చారని కొందరన్నారు. స్టూడియోలో మాత్రం నిఖిల్ ముందుకొచ్చి, మూర్తిగారు ఎవరూ లేనప్పుడు ఆ బాత్‌రూమ్ వైపు వెళ్లడం చూశానని సాక్ష్యం చెప్పాడు. శ్రీనిధి మెజిస్ట్రేటు ముందు మొత్తం చెప్పింది. మధ్యలో ఆగింది, మంచినీళ్లడిగింది, మళ్లీ చెప్పింది.

ఆయనకు బెయిలు వచ్చింది. అది విన్న రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. శ్రీనిధి జోలికి రాకూడదని కోర్టు చెప్పింది కానీ, మనిషి మధురానగర్‌లో తన ఇంట్లోనే ఉన్నాడు. కేసు నడుస్తోంది, వాయిదాలు పడుతున్నాయి. శ్రీనిధి ఇప్పుడు వెంగళరావు నగర్‌లో ఒక ఎడిటింగ్ ఆఫీసులో చేరింది. స్కూటర్ నేర్చుకుంది. సత్యలక్ష్మి పెట్టెలు చేస్తూనే ఉంది. మూతల మీద ఇప్పుడు పూలు, పిట్టలు, దీపాలు. ఒకే ఒక్క పెట్టె కావాలని ఎవరైనా మెసేజ్ పెడితే మాత్రం, బాలమణిని పిలిచి చూపించేదాకా జవాబివ్వదు.

ఈమధ్య ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లింది. బెండకాయలు ఏరుకుంటూ తల తిప్పితే, రెండు బండ్ల అవతల మూర్తి నిలబడి ఉన్నాడు. చేతిలో సంచి. మనిషి చిక్కాడు, విభూతి మాత్రం అలాగే ఉంది. ఆమె చేతిలో ఉన్నవన్నీ బుట్టలోకి జారిపోయాయి. కూరల గంపల వెనక్కి నక్కింది. చుట్టూ వందల మంది ఉన్నా ఎవరూ లేనట్టే అనిపించింది. అతను కూడా ఆమెను చూశాడు. గబగబా తల తిప్పుకుని, సంచిలో సగమే నింపుకుని జనంలోకి నడిచిపోయాడు.

వెళ్లి కొత్తిమీర అమ్మే ఆవిడ పక్కన కూలబడింది. ఆవిడ బాటిల్ ఇచ్చి, "ఎండకు కండ్లు తిరిగినయా అమ్మా?" అంది. నీళ్లు తాగి, కూతురికి ఫోన్ చేసింది.

"నిధీ, ఎర్రగడ్డలో ఉన్నానే. వచ్చి తీసుకెళ్లు."

శ్రీనిధి ఏం జరిగిందని అడగకుండా వచ్చేసింది. తల్లి మొహం చూడగానే అర్థమైంది.

"ఎక్కడున్నాడు?"

"వెళ్లిపోయాడు."

"ఎటు?"

"మనం వెళ్లాల్సిన వైపే. ఇంకో దారిలో పోదాం పద."

శ్రీనిధి హెల్మెట్ పెట్టుకుంటూ ఆగింది. బకిల్ మొదటిసారి పడలేదు. రెండోసారి పడింది.

"ఇంకో దారైతే చాలా చుట్టమ్మా. గట్టిగా పట్టుకో" అని, స్కూటర్ అటువైపే పోనిచ్చింది.